కొట్టివేయని మాట: కెబారు గట్టున యెహెజ్కేలు



ఎవరి జ్ఞాపకంగా ఏటా ఇలా కూడుతున్నామో ఆ అయ్యగారు మాకు హీబ్రూ నేర్పారు. బోర్డు మీద తన చేతి నుంచి తప్పు దొర్లితే తుడిచేవారు కాదు. దాని మీద ఒక గీత గీసి, పక్కన సరైన రూపం రాసి, రెండూ ఎక్కించుకోమనేవారు. మా పరీక్ష పేపర్లలో కొట్టివేతలుంటే ఏమీ అనేవారు కాదు. రబ్బరుతో చెరిపిన జాడ కనిపిస్తే మాత్రం మార్కు పోయేది. ఉపన్యాసానికి విషయం చెప్పమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ఆ బోర్డే గుర్తొచ్చింది. దాని వెంటే యెహెజ్కేలు గ్రంథం ఇరవై తొమ్మిదో అధ్యాయం.

అందులో ఏముందో ముందు చెబుతాను. తూరు మధ్యధరా తీరంలో పేరుమోసిన రేవుపట్నం. బబులోను రాజు నెబుకద్రెజరు వచ్చి దాని గోడలు పడగొడతాడని, అతని సైన్యం ఆ ఊరి సొత్తంతా దోచుకుంటుందని ఇరవై ఆరో అధ్యాయంలో ప్రవక్త ప్రకటించాడు. ముట్టడి పదమూడేళ్లు సాగిందని యూదు చరిత్రకారుడు జోసీఫసు రాశాడు. అంత చేసినా దోపిడీ దక్కలేదు. అప్పుడు ప్రవక్త పాత మాటను దిద్దలేదు, దాచలేదు. క్రీ.పూ. 571లో, తేదీ వేసి మరీ, ఇంకో మాట చెప్పాడు. మోతలు మోసి మోసి సైనికుల తలలు బోడులయ్యాయట, భుజాలు కొట్టుకుపోయాయట, కూలి మాత్రం ముట్టలేదట. కాబట్టి తూరుకు బదులు ఐగుప్తును ఆ సైన్యానికి జీతంగా ఇస్తున్నానని దేవుడి మాట. గ్రంథంలో ఉన్న తేదీలన్నిటిలోకీ చివరిది ఇదే. మొదటి మాటా, దాని పక్కన ఈ మాటా, రెండూ ఈనాటికీ అదే పుస్తకంలో మూడు అధ్యాయాల ఎడంతో ఉన్నాయి.

ప్రవచనమంటే పొల్లుపోకుండా జరిగి తీరేదని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లకు ఈ అధ్యాయం ఇబ్బందిగానే ఉంటుంది. ఉజ్జీవ సభల్లో ముప్పై ఏడో అధ్యాయం, ఎండిన ఎముకల లోయ, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇరవై తొమ్మిదో అధ్యాయం చివరి భాగం మీద ప్రసంగం మాత్రం ఒక్కసారీ వినలేదు. నాకైతే ఈ ప్రవక్త మీద నమ్మకం కుదిరింది అక్కడే.

యెహెజ్కేలు యాజకుడు, బూజీ కొడుకు. యెరూషలేము మొదటిసారి లొంగినప్పుడు యెహోయాకీను రాజుతో పాటు బబులోను దేశానికి తరలించినవాళ్లలో ఒకడు. ఆ రోజు ఏదో మనకు తెలుసు. 1956లో డోనాల్డ్ వైజ్‌మన్ ప్రచురించిన బబులోను వృత్తాంతపు పలక ప్రకారం నెబుకద్రెజరు ఏడో ఏట అదారు నెల రెండో రోజున యూదా నగరం పట్టుబడింది. మన లెక్కలో క్రీ.పూ. 597 మార్చి 16. పదేళ్ల తరువాత నగరం రెండోసారి పడి దేవాలయం కాలిపోయిన ఏడాది 587యా, 586యా అన్నది మాత్రం ఇప్పటికీ తెమలలేదు.

యెహెజ్కేలు తన కాలాన్ని ఆ 597 నుంచే లెక్కపెట్టాడు. రాజు చెరపోయిన అయిదో ఏట, అంటే 593 ఎండాకాలంలో, కెబారు నది దగ్గర మొదటి దర్శనం. ఆరో ఏట యెరూషలేము గుడిలో జరుగుతున్న అపచారాల దర్శనం. ఇరవై అయిదో ఏట కొత్త దేవాలయపు కొలతలు. మిగతా ప్రవక్తలెవరూ ఇంత క్రమంగా తేదీలు వేయలేదు. రోజువారీ పద్దు రాసే గుమాస్తా అలవాటు అనిపిస్తుంది. బలుల లెక్క, పండుగల లెక్క చూసుకునే యాజక కుటుంబంలో పుట్టినవాడికి అది ఒంటబట్టిన విద్య కావచ్చు.

ఇక్కడ మన తెలుగు మాట ఒకటి అడ్డం వస్తుంది. ‘బబులోను చెర’ అంటాం. చెర అనగానే చెరసాల, సంకెళ్లు, ఇనుప చువ్వలు. మా చిన్నప్పటి సండే స్కూలు బొమ్మల్లో ప్రవక్త కూడా అలాగే గోడకు చేరగిలబడి ఉండేవాడు. హీబ్రూలో ఆ మాట ‘గోలా’. దాని ధాతువుకు మూతతీయడం, ఊరు వదిలిపోవడం అన్న అర్థాలున్నాయి. జైలు లేదు. గ్రంథం చదివినా తెలుస్తుంది: యెహెజ్కేలుకు సొంత ఇల్లుంది, భార్య ఉంది, యూదా పెద్దలు వచ్చి ఆ ఇంట్లో అతని ఎదుట కూర్చుంటారు. అయితే ఆ ఇంటి చుట్టూ ఊరెలా ఉండేదో గ్రంథం చెప్పదు. అది మట్టిపలకలు చెప్పాయి.

1893లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇరాక్‌లోని నిప్పూరులో తవ్వుతుండగా ఒక గదిలో వందలకొద్దీ పలకలు బయటపడ్డాయి. మురాషూ అనే వ్యాపార కుటుంబం తాలూకు కాగితాలవి, కాగితం స్థానంలో మట్టి అంతే. భూములు కౌలుకివ్వడం, కాలువ నీళ్లకు హక్కులు, అప్పులు, ఖర్జూరం లెక్కలు. ప్రవక్త కాలానికి నూట యాభై ఏళ్ల తరువాతివి. అయినా వాటిలో రెండు సంగతులు పండితుల కళ్లు తెరిపించాయి. ఒకటి, యూదుల పేర్లు. రెండు, ‘నారు కబారి’ అనే కాలువ. బైబిలులోని కెబారు నది ఇదేనని హిల్‌ప్రెక్ట్ గుర్తించాడు. నది అనుకున్నది మనుషులు తవ్విన కాలువ! కృష్ణా, గోదావరి డెల్టాల్లో పుట్టినవాళ్లకు కాలువంటే ఏమిటో విప్పి చెప్పనక్కర్లేదు. పూడిక తీయాలి, వంతు కాయాలి, శిస్తు కట్టాలి. ఆ పలకల్లో ఒక రకం భూమి ఉంది: సాగు చేసుకోవచ్చు, బదులుగా రాజు పిలిచినప్పుడు విలుకాడిని పంపాలి. మన దగ్గర చాకిరీకి ఇచ్చిన భూముల్ని మాన్యాలనేవాళ్లు కదా, ఇది విల్లు మాన్యం.

ప్రవక్త ఉన్న ఊరు పేరు తేలాబీబు. హీబ్రూ చెవితో వింటే బార్లీ వెన్నుల దిబ్బ. బబులోను వాళ్ల అక్కాదీ భాషలో అయితే ‘తిల్ అబూబి’, వరదకు కొట్టుకుపోయిన పాడుదిబ్బ. పాడుబడ్డ చోట్లను మళ్లీ సాగులోకి తేవడానికే ఈ కుటుంబాలను అక్కడ దింపారని ఇప్పుడు చాలామంది అభిప్రాయం. ఆ పేరుకు తరువాతి కథ కూడా ఉంది. యూదు జాతీయవాది హెర్ట్‌సెల్ జర్మనులో రాసిన నవలను నహూమ్ సోకొలోవ్ 1902లో హీబ్రూలోకి తెస్తూ ‘తెల్ అవీవ్’ అని పేరు పెట్టాడు. 1910లో ఆ పేరు ఒక కొత్త ఊరికి పెట్టారు. బబులోను వరద దిబ్బ ఇవాళ సముద్రపుటొడ్డున ఒక మహానగరం పేరు.

1939లో ఎర్నస్ట్ వైడ్నర్ ఇంకో నాలుగు పలకలు అచ్చువేశాడు. కోల్డెవే బబులోను నగరంలో జరిపిన తవ్వకాల్లో దొరికి, బెర్లిన్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్నవి. అవి రాజభవనపు కొట్టు నుంచి నూనె కొలిచి ఇచ్చిన చిట్టాలు. వాటిలో యూదా రాజు యాఊకీను పేరుంది, అతని అయిదుగురు కొడుకుల పేరునా నూనె ఉంది. ఒక చిట్టా మీది తేదీ క్రీ.పూ. 592కి సరిపోతుంది. యెహెజ్కేలు మొదటి దర్శనం చూసిన మరుసటేడు అతని రాజు బబులోనులో నూనె కొలిపించుకుంటున్నాడన్నమాట.

ఈ నూనె చిట్టా ఒక పెద్ద వివాదంలో సాక్షిగా నిలబడింది. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1880లో రుడాల్ఫ్ స్మెండ్ ఈ గ్రంథం మొత్తం ఒకే పథకం ప్రకారం కట్టిన కట్టడమని, ఒక్క రాయి కదిలించినా చెడుతుందని అన్నాడు. నలభై నాలుగేళ్లకు గుస్తావ్ హోల్షర్ వచ్చి రాళ్లన్నీ కదిలించాడు. యెహెజ్కేలు కవి, కాబట్టి మంచి కవిత్వం మాత్రమే అతనిది, నీరసమైన వచనమంతా తరువాతివాళ్లు చేర్చింది అని ఆయన సూత్రం. మొత్తం 1273 వచనాలు జల్లించి 170 దాకా మిగిల్చాడు. వేమన పద్యాల విషయంలో మనవాళ్లు పడ్డ తగాదా తెలిసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. నచ్చితే మూలం, నచ్చకపోతే ప్రక్షిప్తం! కవి యాజకుడు కూడా అయితే, కొలతలంటే ఇష్టపడే కవి అయితే ఎలా అన్న ప్రశ్న హోల్షర్‌కు తట్టలేదు. 1930లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి చార్ల్స్ టోరీ ఇంకో అడుగు వేసి, బబులోను ప్రవక్త అసలు లేడని, పుస్తకం క్రీ.పూ. మూడో శతాబ్దపు కల్పన అని తేల్చాడు. రాజు పేరుతో కాలం లెక్కించడం కూడా కల్పనలో భాగమే ఆయనకు. తొమ్మిదేళ్లు తిరక్కుండానే నూనె చిట్టాలు వచ్చిపడ్డాయి. బబులోను వాళ్లు అతన్ని ఇంకా రాజనే రాస్తున్నారు! టోరీ వాదం ఆ దెబ్బకు తేరుకోలేదు.

1946లో ఎడ్విన్ బ్రూమ్ ఈ ప్రవక్తకు మానసిక వ్యాధి ఉందని ఒక వ్యాసంలో నిర్ధారించాడు. మాట పడిపోవడం, నెలల తరబడి ఒక పక్కనే పడుకోవడం, గ్రంథపు చుట్టను తినడం, ఇవన్నీ లక్షణాలుగా చూపాడు. రెండున్నర వేల ఏళ్ల అవతలి రోగికి నాడి చూసిన వైద్యుడతనొక్కడే కాదు, తరువాతా వచ్చారు. నేను వాళ్లను ఎగతాళి చేయను. ఊరు పోయి, గుడి పోయి, ఇల్లాలు పోయిన మనిషి మాటల్లో గాయం ఉండదని ఎవరంటారు? కాకపోతే గాయానికీ వ్యాధికీ తేడా ఉంది. ఈ మధ్య పండితులు వ్యాధి మాట వదిలి, వలసకు గురైన జనం మనసు మీద పడే దెబ్బ గురించి మాట్లాడుతున్నారు. అది మెరుగు.

గత శతాబ్దం రెండో సగంలో ఇద్దరు వ్యాఖ్యాతలు ఈ గ్రంథాన్ని తమ జీవితం చేసుకున్నారు. గొట్టింగెన్‌లో బోధించిన వాల్తేర్ త్సిమ్మర్లి వ్యాఖ్యానం 1955 నుంచి 1969 దాకా భాగాలు భాగాలుగా వెలువడింది. ప్రవక్త పలికిన మూలవాక్కు చుట్టూ శిష్యపరంపర దాన్నే పొడిగిస్తూ, కొత్త పరిస్థితులకు అన్వయిస్తూ రాసుకుంటూ పోయిందని ఆయన వాదం. దానికి ఆయన పెట్టిన జర్మను పేరును ‘కొనసాగింపు రాత’ అనుకుందాం. హోల్షర్ చెత్త అని ఊడ్చేసినదాన్ని త్సిమ్మర్లి ఇంటివాళ్ల చేతిరాత అని గౌరవించాడు. యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో మోషే గ్రీన్‌బర్గ్ మరో దారి పట్టాడు. 1983లో మొదటి సంపుటం, 1997లో రెండోది. ఇరవై అయిదు అధ్యాయాల నుంచి నలభై ఎనిమిది దాకా మూడో సంపుటం ఆయన చేతి మీదుగా రాలేదని అనబోయి ఆగాను, సరిగ్గా చెప్పాలి: రెండో సంపుటం ముప్పై ఏడో అధ్యాయంతో ఆగింది, ఆ తరువాతి పదకొండు అధ్యాయాలకు ఆయన వ్యాఖ్యానం రాలేదు. ఈ పొరపాటు అచ్చులో కూడా ఇలాగే ఉంచమని నిర్వాహకులను కోరుతున్నాను. అయ్యగారి సభ కదా.

గ్రీన్‌బర్గ్ ప్రశ్న సూటిగా ఉంటుంది. పునరుక్తి వస్తే అది వేరే చెయ్యి అని, శైలి మారితే వేరే రచయిత అని చెప్పడానికి మీ దగ్గరున్న కొలబద్ద ఎవరిది? ఇవాళ్టి చదువరిది. ముందు ఆ పుస్తకం తన కొలబద్ద ఏదో చెప్పనివ్వండి. అలా ఓపికగా విని ఆయన ఒక అల్లికను పట్టుకున్నాడు. ప్రవచనం ఒక విషయంతో మొదలవుతుంది, రెండో సగంలో ఇంకో విషయానికి మళ్లుతుంది, చివర చిన్న తోకలో రెండూ పెనవేసుకుంటాయి. ఒకసారి చూశాక చాలాచోట్ల కనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరు ఒప్పని నన్నడిగితే, వాక్యాల అల్లికకు గ్రీన్‌బర్గ్ దగ్గరికే వెళతాను. కానీ తూరు మాట పక్కన ఐగుప్తు మాట చూసినప్పుడల్లా త్సిమ్మర్లి గుర్తొస్తాడు. కొనసాగించి రాయడం శిష్యులు కనిపెట్టింది కాదు, గురువు దగ్గరే నేర్చుకున్నారు.

పాఠం సంగతి కూడా చెప్పకపోతే హీబ్రూ గురువుకు చేసిన నివాళి కాదు. ఈజిప్టులో దొరికిన గ్రీకు పపైరసు ఒకటుంది, 967 దాని సంఖ్య. క్రీ.శ. 200 ప్రాంతం నాటిది. దాని ఆకులు డబ్లిన్, ప్రిన్స్‌టన్, కొలోన్, మాడ్రిడ్‌లకు చెదిరిపోయాయి. అన్నీ కలిపి చదివితే ముప్పై ఆరో అధ్యాయం చివరి పదహారు వచనాలు, రాతి గుండె తీసి మాంసపు గుండె ఇచ్చే భాగం, లేదు. పైగా ఎండిన ఎముకల లోయ, గోగు అనే శత్రురాజుతో జరిగే యుద్ధం తరువాత వస్తుంది, ముందు కాదు. నకలు రాసేవాడి కన్ను ఒక వరుస దాటిందా? పదహారు వచనాలు దాటడానికి కన్ను చాలదు, ఆకే పోవాలి. ఆకు పోయినా అధ్యాయాల వరుస ఎందుకు మారుతుంది? 1981లో బెల్జియం పండితుడు యోహాన్ లుస్ట్ ఇదే పాత రూపమని, మనం చదివేది తరువాత పెంచినదని వాదించాడు. అటువైపు మసాదా కోటలో, 1960లలో యాదీన్ తవ్వకాల్లో, ప్రార్థనాస్థలం నేల కింద పాతిపెట్టిన యెహెజ్కేలు చుట్ట ముక్కలు దొరికాయి. క్రీ.శ. 73 తరువాతివి కావవి. వాటిలో మన వరుసే ఉంది, ఆ గుండె మాటా ఉంది. అంటే రెండు రూపాలూ పక్కపక్కనే బతికాయి. కొత్త గుండె మాట పదకొండో అధ్యాయంలో కూడా ఉంది కాబట్టి ప్రసంగీకులు కంగారు పడనక్కర్లేదు.

పూర్వపు రబ్బీలకు ఈ పుస్తకంతో వేరే తంటా. సంఖ్యాకాండంలో అమావాస్య బలికి రెండు కోడెలు, ఏడు గొర్రెపిల్లలు. యెహెజ్కేలు నలభై ఆరో అధ్యాయంలో ఒక కోడె, ఆరు గొర్రెపిల్లలు. మోషే ధర్మశాస్త్రంతో పొసగని పుస్తకాన్ని దాచిపెట్టేద్దామనుకున్నారట. హిజ్కియా కొడుకు హనన్యా మూడు వందల జాడీల నూనె తెప్పించుకుని, మేడగదిలో దీపం పెట్టుకు కూర్చుని, రెంటికీ పొత్తు కుదిర్చేదాకా లేవలేదని తల్మూదు చెబుతుంది. ఏం రాశాడో మాత్రం మనకు దక్కలేదు, జాడీల లెక్కే దక్కింది. కెబారు దగ్గరి ఆ మొదటి దర్శనాన్ని, అంటే రథ దర్శనాన్ని, అందరికీ బోధించకూడదని మిష్నా ఆంక్ష పెట్టింది. పదహారో అధ్యాయాన్ని సభలో చదవొద్దని రబ్బీ ఎలియెజరు అన్నాడు. యెరూషలేమును ద్రోహం చేసిన భార్యగా చూపి, ఆమెకు పడే శిక్షను ఒళ్లు గగుర్పొడిచేలా వర్ణించిన అధ్యాయమది. రెనీటా వీమ్స్ వంటి స్త్రీ పండితులు 1990లలో ఆ బొమ్మ ఆడవాళ్ల మీద హింసకు దేవుడి సంతకం పెట్టినట్టుందని రాశారు. వాళ్లన్నది నిజం. ఉపమానమే కదా అని సర్దిచెప్పే వ్యాఖ్యాతలతో నాకు పడదు.

అదే ప్రవక్త ఇరవై నాలుగో అధ్యాయంలో భార్యను పోగొట్టుకున్నాడు. ఆమె పేరు గ్రంథంలో లేదు. కళ్లకు ఇంపైనది అనే మాట ఒక్కటే ఉంది. ఆ మాటనే నాలుగైదు వచనాల అవతల దేవాలయానికీ వాడాడు. పొద్దున జనంతో మాట్లాడాడు, సాయంత్రం ఆమె చనిపోయింది. ఏడవొద్దు, తలపాగా తీయొద్దు, చెప్పులు విడవొద్దు, చావింటికి ఇరుగుపొరుగు పంపే తిండి తినొద్దు అని ఆజ్ఞ. మరునాడు చెప్పినట్టే చేశాడు. ఆ తరువాత ఆమె ప్రస్తావన ఎక్కడా రాదు. అయ్యగారు ఈ భాగం మాకు వ్యాకరణం వరకే చెప్పి పుస్తకం మూసేవారు.

క్రీ.పూ. 573లో, అంతా పోయాక, యెహెజ్కేలు, చేతిలో కొలకర్ర ఉన్న ఒక మనిషి వెంట తిరిగి కొత్త దేవాలయాన్ని చూశాడు. గుమ్మాలు, గదులు, ఆవరణలు, అన్నిటికీ పొడవు వెడల్పులు మూరల్లో ఇచ్చాడు. ఎత్తులు మాత్రం దాదాపుగా లేవు. ప్రహరీకి, బలిపీఠానికి, ఒకటి రెండు బల్లలకు తప్ప. కట్టడానికి పనికొచ్చే నమూనా కాదది, ఎవరు ఎక్కడిదాకా రావచ్చో గీసిన హద్దుల పటం. గుడి గడప కింద పుట్టిన ఏరు మృతసముద్రాన్ని మంచినీళ్లు చేస్తుంది. అయినా బురద మడుగులు మాత్రం ఉప్పుగానే ఉంటాయట, జనానికి ఉప్పు కావాలి కనుక. దర్శనంలో కూడా వంటింటి అవసరం మరిచిపోని మనిషి.

మరుసటేడు, 572లో, అక్కడికి ఎంతో దూరం కాని ఇంకో పల్లెలో ఒక పలక రాశారు. ఊరి పేరు అందులోనే ఉంది: యూదావాళ్ల ఊరు. తరువాతి పలకల్లో అది ‘ఆల్ యాహూదు’, యూదా పట్నం. 2014లో లారీ పియర్స్, కొర్నేలియా వున్ష్ ప్రచురించిన వంద పైచిలుకు పలకల్లో అన్నిటికంటే పాతది అది. ఇవి శాస్త్రీయమైన తవ్వకంలో దొరికినవి కావు, పురావస్తువుల బజారు నుంచి సేకర్తల చేతికి వచ్చినవి. ఆ మచ్చ వాటికి పోదు. అయినా చదవక తప్పదు. బార్లీ, ఖర్జూరం, అప్పులు, కౌళ్లు. రాపా-యామా కొడుకు అహీకాము కుటుంబం తరాల పాటు ఆ పత్రాల్లో కనిపిస్తుంది. ఆ ‘యామా’ యెహోవా పేరే, బబులోను లేఖకుడి చెవికి అలా వినిపించింది. దేవాలయం ఊసు వాటిలో లేదు.

ఆ పై ఏడు, 571లో, తూరు మాట పక్కన ఐగుప్తు మాట చేరింది. నెబుకద్రెజరు తన ముప్పై ఏడో ఏట ఐగుప్తు మీదికి దండు కదిలించినట్టు బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలక చెబుతుంది. పలక విరిగిపోయింది, యుద్ధం ఎలా ముగిసిందో ఆ ముక్కలో లేదు. ఐగుప్తు రాజు అమాసిసు మాత్రం 526 దాకా సింహాసనం మీదే ఉన్నాడు. ఆ సంగతి గురించి యెహెజ్కేలు పుస్తకంలో పక్కన ఎవరూ ఏమీ రాయలేదు.